వెన్నుపాము గాయానికి వైద్యం వెదుకుతున్న మయామి కేంద్రం

1985 అక్టోబరులో అమెరికాలో మార్క్ బ్యూనికాంటి అనే కాలేజీ విద్యార్థికి ఫుట్‌బాల్ ఆటలో మెడ దెబ్బ తగిలి, కాళ్ళూ చేతులూ చచ్చుబడిపోయాయి. తండ్రి నిక్, నరాల సర్జన్ డా. బార్త్ గ్రీన్ కలిసి ఆ ఏడాదే మయామి విశ్వవిద్యాలయంలో 'మయామి ప్రాజెక్ట్' ప్రారంభించారు. శాస్త్రజ్ఞులు, సర్జన్లు, ఫిజియోథెరపిస్టులు అక్కడ కలిసి పనిచేస్తారు.

కాలిలో తెగిన నరం కొంతవరకు తిరిగి పెరుగుతుంది, వెన్నుపాములో అలా పెరగదు. కాలి నరాలకు తోడుండే ష్వాన్ కణాలు ఈ తేడాకు ఒక కారణం. అందుకే రోగి కాలి నరం నుండి ఆ కణాలు తీసి, పెంచి, గాయమైన చోట ఎక్కించే ప్రయోగానికి 2012లో అనుమతి లభించింది. ఆరుగురిపై జరిగిన ఆ ప్రయోగ ఫలితాలు 2017లో వెలువడ్డాయి. కణాల వల్ల హాని కనిపించలేదు, కాని నడక తిరిగి రాలేదు.

కనుక "పూర్తిగా నయం చేస్తాం" అని డబ్బు అడిగేవారిని నమ్మి ఆస్తులు అమ్ముకోకండి. చెట్టు మీద నుండి గాని, బండి మీద నుండి గాని పడినవారిని లేపి కూర్చోబెట్టకండి. మెడ, నడుము వంగకుండా బల్ల మీద పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకురండి. మంచంలో ఉన్నవారికి పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పండి. ఈ జాగ్రత్తలకు ఖర్చు లేదు, ప్రాణం మాత్రం నిలుస్తుంది.