ఈ మాట ఎవరి చెవిన వేయాలి?

మనుషులను చుక్కలుగా, పరిచయాలను గీతలుగా మార్చి చూసే గణితం... కబురు నడిచే దారిని కనిపెడుతోంది.

మంగళగిరి కొండ మీద పానకాల స్వామికి ఎంత పానకం పోసినా సగమే తాగి, మిగతా సగం ప్రసాదంగా వదిలేస్తాడని భక్తుల నమ్మకం. పానకం పంచితే తరుగుతుంది. కబురు మాత్రం చెప్పినవాళ్ల దగ్గరా ఉంటుంది, విన్నవాళ్ల దగ్గరా ఉంటుంది. ఒకరు ఇద్దరికి, ఆ ఇద్దరూ చెరో ఇద్దరికి చెబుతూ పోతే పదో మెట్టులోనే 1,024 మంది కొత్తగా వింటారు. ఆ లెక్కన సాయంత్రానికల్లా ఊరంతటికీ తెలిసిపోవాలి. మరెందుకు తెలియదు?

వీధి దాటని మాట

విన్నవాళ్లే మళ్లీ వింటారు కాబట్టి. అదే మంగళగిరిలో మగ్గాలున్న ఒక వీధిని ఊహించుకోండి. పక్కపక్క ఇళ్ల నేత కార్మికులు ముగ్గురూ ఒకే మాస్టర్ వీవర్ దగ్గర నూలు తెచ్చుకుంటారు, ఒకే కొట్లో టీ తాగుతారు. నూలు ధర పెరిగిందన్న మాట ఆ ముగ్గురి మధ్యే మూడుసార్లు తిరుగుతుంది. అది వీధి దాటాలంటే గుంటూరు బస్సులో కలిసే మనిషో, విజయవాడ బట్టల కొట్టు గుమాస్తానో కావాలి. ఉద్యోగాల కబుర్లు ఆప్తుల కంటే ముఖపరిచయస్తుల ద్వారానే ఎక్కువగా అందుతాయని అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో వాదించింది ఇందుకే. మన ఆప్తులకు తెలిసింది చాలావరకు మనకూ తెలిసే ఉంటుంది.

బియ్యం చేబదులు ఎవరిస్తారు?

ఇలాంటి దారులను చూపే చుక్కల, గీతల గణితానికి 1736లో కోనిగ్స్‌బర్గ్ నగరపు వంతెనల చిక్కు (ఏ వంతెననూ రెండుసార్లు దాటకుండా అన్నిటినీ దాటగలమా?) విప్పుతూ గణితవేత్త ఆయిలర్ పునాది వేశాడు. దాన్ని మన పొరుగునే, దక్షిణ కర్ణాటక పల్లెల్లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, అరుణ్ చంద్రశేఖర్, ఎస్తేర్ డఫ్లో, మాథ్యూ జాక్సన్ ప్రయోగించారు. బియ్యమో కిరోసినో చేబదులు ఎవరినడుగుతారు? గుడికి ఎవరితో వెళతారు? సలహా ఎవరిస్తారు? జవాబులతో ఊరూరికీ పరిచయాల పటం గీశారు. తర్వాత 43 ఊళ్లలో ఒక సూక్ష్మరుణ సంస్థ అడుగుపెట్టింది.

ఫలితాలు 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. సంస్థ తన రుణాల గురించి ముందుగా చెప్పినవాళ్లకు ఎంతమంది తెలుసన్నదాని కంటే, ఆ తెలిసినవాళ్ల పరిచయాలు ఊళ్లో ఎంతగా అల్లుకున్నాయన్నదే రుణాల వ్యాప్తిని నిర్ణయించింది. అప్పు తీసుకున్నవాళ్లు ఆ కబురు ఎక్కువగా చెప్పారు. అయితే, చేరినవాళ్లలో దాదాపు మూడోవంతు మందిని తెచ్చిన మాట మాత్రం తాము అప్పు తీసుకోనివాళ్లదేనని పరిశోధకుల గణిత నమూనా అంచనా వేసింది.

మిస్డ్ కాల్ పందెం

ఇంటింటికీ తిరిగి పటం గీయడం ఖర్చుతో కూడిన పని. అందుకే ఆ నలుగురూ కర్ణాటకలోనే 213 ఊళ్లలో ఇంకో పరీక్ష పెట్టారు. ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే బహుమతి గెలుచుకోవచ్చన్న సంగతి ఊరికి ముగ్గురికో, ఐదుగురికో చెప్పారు. కొన్నిచోట్ల వాళ్లను చీటీ తీసినట్టు ఎంచారు, కొన్నిచోట్ల పెద్దమనుషులకు చెప్పారు, ఇంకొన్నిచోట్ల ఊరివాళ్లు 'వీళ్లకు చెబితే చాలు' అన్నవాళ్లకు చెప్పారు. ఎక్కువ ఫోన్లు వచ్చింది ఈ చివరి ఊళ్ల నుంచే. 2019లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం, కాగితం మీద గీయాల్సిన పటం ఊరి జనం తలలో అప్పటికే ఉంది.

నేతన్నల పథకానికి గడువు దగ్గరపడుతుంటే వార్డు సచివాలయం గోడకు నోటీసు అంటిస్తారు. అటుగా పోని మనిషికి అది అందదు. గోడ దగ్గరికి వెళ్లే ముందు వీధిలో నలుగురిని ఒక్క ప్రశ్న అడగొచ్చు: "అమ్మా, ఈ మాట అందరికీ తెలియాలంటే ఎవరికి చెప్పాలి?"