పీపాలో పండిన ఐరిష్ గ్రెయిన్ విస్కీ

ఐరిష్ సింగిల్ గ్రెయిన్ విస్కీ ఒకే డిస్టిలరీలో తయారవుతుంది. ధాన్యం మాత్రం ఒక్కటే కానక్కర్లేదు. మొలకెత్తించిన బార్లీ 30 శాతానికి మించదు. మిగతాది మొలకెత్తని ధాన్యం, ఎక్కువగా మొక్కజొన్న. పులిసిన ద్రవాన్ని నిలువెత్తు కాలమ్ స్టిల్‌లో ఎడతెగకుండా మరిగించి ఆవిరి పడతారు. ఈ యంత్రానికి 1830లో పేటెంట్ పొందిన ఈనియస్ కాఫీ ఐర్లాండ్‌లో ఎక్సైజ్ అధికారిగా పనిచేసినవాడు. అయినా స్వదేశపు పెద్ద తయారీదారులు దాన్ని చిన్నచూపు చూశారు. స్కాట్లాండ్ వాళ్లు అందిపుచ్చుకుని బాగుపడ్డారు.

కాలమ్ నుంచి దిగే సరుకు తేలిక, సౌమ్యం. కుండలాంటి పాత్రలో మరిగించే పాట్ స్టిల్ విస్కీలోని జిడ్డుదనం, ఘాటు దీనికి ఉండవు. కాబట్టి రుచిలో పెద్ద వాటా పీపా చెక్కదే. చట్టప్రకారం 700 లీటర్లకు మించని చెక్కపీపాలో, ఐర్లాండ్ గడ్డమీదే, కనీసం మూడేళ్లు ఉండాలి. అసలు సొగసు ఆ తర్వాతే. అమెరికన్ బర్బన్ విస్కీ నింపి ఖాళీచేసిన ఓక్ పీపాలు వనిల్లా, కొబ్బరి, టాఫీ వాసనలనిస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ మసాలా ఛాయలు, ఎండుపండ్ల తీపి చేరతాయి. మరీ ముదిరితే చెక్క చేదు పైకొస్తుంది. ఎక్కువ వయసంటే ఎక్కువ రుచి అనుకోవడం పొరపాటే. సీసామీది వయసు అందులోని అతి తక్కువ వయసున్న విస్కీది.

లౌత్ కౌంటీలోని కూలీ డిస్టిలరీ గ్రీనోర్ పేరుతో 8, 15 ఏళ్ల సీసాలు తెచ్చింది. టీలింగ్ సంస్థ వారి సింగిల్ గ్రెయిన్ విస్కీ కాలిఫోర్నియా రెడ్ వైన్ పీపాల్లో పండింది. అందులో బెర్రీల పులుపు తగులుతుంది.

మూతి సన్నబడిన గ్లాసులో కొద్దిగా పోసి, ముందు వాసన చూడాలి. నాలుగు చుక్కల నీళ్లు వాసనను విప్పుతాయి. ఐసు మాత్రం ఈ సున్నితమైన పరిమళాన్ని అణిచేస్తుంది.