డాలియా దుంపకు ఎండాకాలమే గండం

ప్రతి చలికాలం కడియం నర్సరీల నుంచి ఇళ్లకు చేరే పూలమొక్కలలో డాలియా ఒకటి. జనవరిలో పళ్లెమంతటి పూలతో ఇంటికి కళ తెచ్చిన ఈ మొక్క మార్చి రాగానే వడలిపోతుంది. చచ్చిందనుకుని చాలామంది పీకి పారవేస్తుంటారు. నిజానికి ఎండేది కాండమే. మట్టిలో దుంప బ్రతికే ఉంటుంది. గింజ నాటితే అదే రంగు వస్తుందన్న నమ్మకం లేదు. నచ్చిన రంగు నిలవాలంటే దుంపను దాచుకోవలసిందే.

డాలియా పుట్టిల్లు మెక్సికో. ఆ దేశం 1963లో దీనిని జాతీయ పుష్పంగా ప్రకటించింది. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆండర్స్ డాల్ స్మారకంగా 1791లో దీనికి ఈ పేరు పెట్టారు. మంచు కురిసే దేశాలలో నేల గడ్డకట్టి దుంప కుళ్లుతుంది గనుక చలికి జడిసి తవ్వి దాస్తారు. మన మైదానాలలో లెక్క తారుమారు. ఇక్కడ చలికాలమే పూలకాలం. దుంపను కాపాడవలసింది ఎండల నుంచి, ఆపై వానల నుంచి.

పూలు అయిపోయాక నీరు క్రమంగా తగ్గించాలి. ఆకులు ఎండిన తర్వాత కాండాన్ని నాలుగు అంగుళాలు ఉంచి కోసి, దుంపల గుత్తిని మెడ విరగకుండా తవ్వి తీయాలి. బంగాళాదుంపకు వలె దీనికి ఒళ్లంతా కళ్లుండవు. కాండం మొదట్లోనే ఉంటాయి. ఆ భాగం లేని దుంప ఎంత లావుగా ఉన్నా మొలవదు.

మట్టి దులిపి, నాలుగైదు రోజులు నీడలో ఆరబెట్టి, గంధకం పొడి చల్లాలి. పొడి ఇసుక పోసిన మట్టికుండలో పేర్చి, గాలి ఆడే చల్లని చీకటి మూల ఉంచాలి. ప్లాస్టిక్ సంచిలో మూటకడితే చెమర్చి కుళ్లుతాయి. నెలకొకసారి చూచి, కుళ్లినవి ఏరివేయాలి. ముడతలు పడితే ఇసుకపై కాసిని నీళ్లు చిలకరించాలి. రంగు రాసిన చీటీ కట్టడం మరువరాదు.

సెప్టెంబరు చివర తడి ఇసుకలో పెడితే కళ్లు మేల్కొంటాయి. ప్రతి ముక్కకూ ఒక కన్నయినా ఉండేట్లు పదునైన కత్తితో కోసి, అక్టోబరులో పన్నెండు అంగుళాల కుండీలలో నాటాలి. తోటమట్టి, మాగిన పశువుల ఎరువు, ఇసుక సమపాళ్లలో కలపాలి. ఊతకర్రను అప్పుడే పాతాలి. తర్వాత గుచ్చితే దుంపకు దెబ్బ తగులుతుంది. నాలుగు జతల ఆకులు రాగానే తల గిల్లితే కొమ్మలు వేస్తుంది. పెద్ద పూవు కావాలంటే కొమ్మకు నడిమి మొగ్గ ఒక్కటే ఉంచాలి.

గాలిలో తేమ ఎక్కువగా ఉండే కోస్తాలో కొన్ని దుంపలు కుళ్లడం మామూలే. అయినా ఒక్కో గుత్తిని కోస్తే రెండు మూడు మొక్కలవుతాయి గనుక, సగం దక్కినా పెరటికి లోటుండదు.