వస్తుందన్న కెమెరా

నికాన్ డీ400 గురించి ఒకప్పుడు నాకు తెలియనిది లేదు. సెన్సర్ ఎన్ని మెగాపిక్సెళ్లు, సెకనుకి ఎన్ని ఫ్రేములు, కార్డులు ఎన్ని పడతాయి, మన దుకాణాల దాకా వచ్చేసరికి రేటు ఎంతవుతుంది... అడిగినవాళ్లకి గడగడా అప్పజెప్పేవాణ్ని. ఆ కెమెరా మాత్రం పుట్టనే లేదు.

పుడుతుందని నమ్మడానికి కారణాలున్నాయి. 2002లో డీ100, 2005లో డీ200, 2007 ఆగస్టులో డీ300. ఎక్కాలు రాని పిల్లాడైనా ఆ తర్వాతి అంకె చెప్పేస్తాడు. పిట్టల వెంట తిరిగేవాళ్లు డీ300ని చేతిలోంచి దించేవాళ్లు కాదు. దాని సెన్సర్ చిన్నది కాబట్టి 300 ఎం.ఎం. లెన్స్ పెడితే 450 పెట్టినంత దగ్గరగా కనిపించేది. 51 ఫోకస్ పాయింట్లు, వానకీ దుమ్ముకీ జడవని బాడీ. 2009 జులైలో దానికే వీడియో తగిలించి డీ300ఎస్ అన్నారు. ఇక రావలసింది డీ400.

తెనాలిలో స్టూడియో నడిపే నా మిత్రుడొకడు ముహూర్తాలు లేని ఆదివారాల్లో ఆటపాక వెళ్లి కొల్లేటి గూడబాతుల్ని తీస్తుండేవాడు. నెలకోసారి ఫోన్ చేసేవాడు. "గురూ, వస్తుందంటావా?" "ఈ ఏడాది చివర్లో" అనేవాణ్ని. ఆ మాట 2011లో అన్నాను, 2012లో అన్నాను, 2013లో కూడా ఏమాత్రం సిగ్గు లేకుండా అన్నాను. ఆ తర్వాత వాడు అడగడం మానేసి, ఉన్న డబ్బుతో పెద్ద సెన్సరున్న ఫుల్‌ఫ్రేమ్ బాడీ కొనేసుకున్నాడు.

2016 జనవరి 5న లాస్ వేగాస్‌లో నికాన్ రెండు కెమెరాలు బయటపెట్టింది. ఒకటి డీ5. అది వస్తుందని అందరికీ తెలుసు. రెండోదాని మీద డీ500 అని రాసుంది. 20.9 మెగాపిక్సెళ్లు, 153 ఫోకస్ పాయింట్లు, సెకనుకి 10 ఫ్రేములు. అందరూ ఎదురుచూసిన కెమెరా అదే, పేరొక్కటే వేరు. నాలుగు వందల అంకెని నికాన్ అలా దాటుకుని వెళ్లిపోయింది. నాకు తెలిసిన జోస్యగాళ్లలో ఆ పేరు ముందుగా చెప్పినవాడు ఒక్కడూ లేడు. నేనైతే అప్పటికి జోస్యం మానేసి రెండేళ్లయింది.

ఒలింపిక్స్ పంచాంగం

రాబోయే కెమెరా గురించి చెప్పుకోవడం వట్టి కాలక్షేపమని బయటివాళ్లు అనుకుంటారు. కాదు, దానికీ తిథి వార నక్షత్రాలున్నాయి. మొదట చూసేది ఒలింపిక్స్. మైదానం గట్టున బారులు తీరి కూర్చున్న ఫొటోగ్రాఫర్ల చేతుల్లో తెల్ల లెన్సులెన్ని, నల్లవెన్ని అన్నది రెండు కంపెనీలకి పరువు సమస్య. తెల్లవి కెనాన్‌వి, నల్లవి నికాన్‌వి. అందుకే ఇద్దరి పెద్ద కెమెరాలూ ఆటలకి కాస్త ముందే బయటికొచ్చేవి. బీజింగ్ కోసం 2007లోనే నికాన్ డీ3. లండన్ ఏడాది, 2012 జనవరిలో డీ4, అంతకు మూడు నెలల ముందే కెనాన్ 1డీ ఎక్స్. 2016లో రియో ముందు డీ5, 1డీ ఎక్స్ మార్క్-2. 2020లో టోక్యో కోసం డీ6, 1డీ ఎక్స్ మార్క్-3. ఆ చివరిసారి కెమెరాలు ఆ ఏడాదే వచ్చాయి గానీ ఒలింపిక్స్ రాలేదు, కరోనా వల్ల మరుసటేడుకి జరిగాయి.

ఇంకోటి కొలోన్ తిరునాళ్లు. జర్మనీలోని ఆ ఊళ్లో సరిసంఖ్య ఏళ్లలో, సెప్టెంబరులో ఫొటోకినా అనే ప్రదర్శన జరిగేది. 2008లో కెనాన్ 5డీ మార్క్-2, 2012లో కెనాన్ 6డీ, నికాన్ డీ600, 2014లో 7డీ మార్క్-2, డీ750... అన్నీ ఆ గాలికి పుట్టినవే. ఆగస్టు నెలంతా ఎవరూ కొత్త బాడీ కొనేవాళ్లు కాదు. దుకాణం వాళ్లకి అది శూన్యమాసం.

కెమెరాల్లోకి వైఫై, బ్లూటూత్ వచ్చాక జోస్యగాళ్లకి దొడ్డిదారి దొరికింది. రేడియో తరంగాలు వదిలే వస్తువు ఏదైనా సరే, అమ్మేముందు ఆయా దేశాల టెలికం అధికారుల అనుమతి తీసుకోవాలి. కంపెనీలు మోడల్ పేరు దాచి కోడ్ నంబరు మాత్రం రాసిస్తాయి. ఆ కాగితాలను జల్లెడపట్టి, ఫలానా బ్యాటరీ కాబట్టి ఫలానా బాడీ అని, జపాన్‌లో తయారీ అంటే పెద్దది, థాయ్‌లాండ్ అంటే చిన్నది అని లెక్కలు కట్టేవాళ్లు. పేటెంట్లు మరో గని. జపాన్‌లో దరఖాస్తు పెట్టిన 18 నెలలకి అది బహిరంగమవుతుంది. ఫోకల్ లెంగ్త్, అపర్చర్, గాజు పలకల అమరిక అన్నీ బొమ్మతో సహా ఉంటాయి. చూస్తే లెన్స్ రేపే వస్తుందనిపిస్తుంది. వాటిలో చాలావరకు కాగితం దాటి రావు. ఇంజినీరుకి వచ్చిన ఆలోచనని పోటీవాడు ఎత్తుకుపోకుండా కట్టే కంచె అది. కంచె కట్టినచోటల్లా ఇల్లు లేస్తుందా?

ఈ పంచాంగంలో ఉపద్రవాలకి చోటు లేదు. 2011 మార్చిలో భూకంపం వచ్చి సెండాయ్ దగ్గర నికాన్ పెద్ద కెమెరాలు తయారయ్యే కర్మాగారం ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబరులో థాయ్‌లాండ్ వరదల్లో అయుత్తయ దగ్గర ఆ కంపెనీదే మరో కర్మాగారం నీట మునిగింది. మధ్యరకం, చిన్నరకం డీఎస్‌ఎల్‌ఆర్లకి అదే పుట్టిల్లు. డీ400 కథ ఆ నీళ్లలోనే మలుపు తిరిగిందని నా అనుమానం. దానికితోడు 2012లో డీ600 లాంటి చౌక ఫుల్‌ఫ్రేమ్ తెచ్చాక, చిన్న సెన్సర్‌కి అంత గట్టి బాడీ ఎందుకని కంపెనీలో ఎవరో ఒకరు అడిగే ఉంటారు. ఇంతకన్నా గట్టి రుజువు నా దగ్గర లేదు. జోస్యం మానేసినా జాతకాలు చూసే అలవాటు పోలేదన్నమాట.

సైకిల్ పంపు

లెన్సుల లెక్క వేరు. బాడీ నాలుగేళ్లకి ముసలిదవుతుంది, లెన్సుకి నలభై ఏళ్లొచ్చినా యవ్వనమే. కంపెనీకి కూడా దాన్ని మార్చాలన్న తొందర ఉండదు. కెనాన్ 100-400 జూమ్ 1998లో వచ్చింది. తిప్పే జూమ్ కాదు, సైకిల్ పంపులా ముందుకీ వెనక్కీ లాగాలి. లాగినప్పుడల్లా దుమ్ము పీల్చుకుంటుందని జనం తిట్టుకునేవాళ్లు. తిట్టుకుంటూనే కొనేవాళ్లు. ఏటా 'ఈసారి ఖాయం' అన్న వార్త వచ్చేది. రెండోది వచ్చింది 2014 నవంబరులో, అంటే పదహారేళ్లకి. నికాన్ 300 ఎం.ఎం. ఎఫ్/4 లెన్సుకి చెయ్యి వణుకుని సరిదిద్దే ఏర్పాటు కావాలని 2000 నుంచి అడుగుతూనే ఉన్నారు. 2015లో ఇచ్చారు. ఇచ్చినప్పుడు మాత్రం 1,440 గ్రాముల బరువు 755కి దిగింది. దాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు, లోపల గాజు పెట్టడం మరిచిపోయారేమో అనిపించింది.

ఇక కెనాన్ 50 ఎం.ఎం. లెన్సులు. మన దగ్గర డీఎస్‌ఎల్‌ఆర్ కొన్న ప్రతి కుర్రాడి రెండో లెన్స్ ఎఫ్/1.8ది. 1990లో పుట్టిన ఆ ప్లాస్టిక్ లెన్సుని 2015లో గానీ మార్చలేదు. దాని అన్న, 1993 నాటి ఎఫ్/1.4, మారుతుంది మారుతుందని అనిపించుకుంటూ చివరిదాకా అలాగే ఉండిపోయింది. కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్ల ఈఎఫ్ మౌంటులో దానికి వారసుడు రాలేదు.

ఎవరూ చెప్పని మలుపు

ఇన్ని లెక్కలు కట్టినవాళ్లలో ఎవరికీ అందనిది వీడియో. 5డీ మార్క్-2లో మెగాపిక్సెళ్లు ఎన్ని ఉంటాయన్న దాని మీద పందేలు కాశారు. 21 వచ్చాయి, కొందరు గెలిచారు. దాంతోపాటు ఫుల్ హెచ్‌డీ వీడియో కూడా వచ్చింది. అంతకు నెల ముందే నికాన్ డీ90 వీడియోతో వచ్చినా అది 720 దగ్గరే ఆగింది. ఫొటోలు తీసుకునే మాబోటివాళ్లు ఆ వీడియోని చూసి పెదవి విరిచారు. పైగా మొదట్లో 5డీ మార్క్-2లో ఎక్స్‌పోజర్ మన చేతిలో ఉండేది కాదు. 2009లో సాఫ్ట్‌వేర్ మార్చి ఆ అధికారం ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి 'హౌస్' అనే అమెరికన్ సీరియల్ 2010 మే ఎపిసోడ్‌ని దాంతోనే తీశారు. 2011లో రామ్‌గోపాల్ వర్మ రవితేజతో 'దొంగల ముఠా'ని కెనాన్ 5డీ కెమెరాలతో ఐదు రోజుల్లో చుట్టేశారు. ఆ సినిమా బాగోగుల జోలికి నేను పోను గానీ, ఆ వార్త చదివి మా తెనాలి స్టూడియోలో భుజం మీద మోసే వీడియో కెమెరా అటకెక్కింది. మాంగల్యధారణ దగ్గర వెలిగే తెల్లటి హాలోజన్ దీపం కూడా దాంతోపాటే పోయింది. పురోహితులు సంతోషించారు.

రెండోసారి గురి తప్పింది అద్దం విషయంలో. డీఎస్‌ఎల్‌ఆర్ అంటేనే అద్దం. లెన్సులోంచి వచ్చిన వెలుగుని 45 డిగ్రీల వాలులో నిలబడ్డ అద్దం పైకి పంపితే, పెంటాప్రిజం దాన్ని మన కంటికి చేరుస్తుంది. నొక్కగానే అద్దం లేస్తుంది, టపుక్కుమంటుంది, సెన్సర్ చూస్తుంది. ఆ అద్దం ఊగడానికి చోటు వదలాలి కాబట్టి నికాన్‌లో లెన్స్ మౌంటుకీ సెన్సర్‌కీ మధ్య దూరం 46.5 మిల్లీమీటర్లు. అద్దం తీసేసిన జెడ్ కెమెరాల్లో అది 16కి వచ్చింది. వైడ్ లెన్సులు గీసేవాళ్లకి ఆ 30 మిల్లీమీటర్లు వరమే అయ్యాయి. వెనక గాజుని సెన్సర్ దగ్గరిదాకా తోసుకుపోవచ్చు. డీ3తో పాటు వచ్చిన 14-24 ఎఫ్/2.8 లెన్స్ దాదాపు కిలో. జెడ్ కోసం 2020లో చేసినది 650 గ్రాములు.

2012లో ప్రపంచమంతా కలిపి కోటీ అరవై లక్షలకి పైగా డీఎస్‌ఎల్‌ఆర్లు తయారీదారుల దగ్గర్నుంచి బయల్దేరాయి. శిఖరం అదే. అప్పుడు మేం మాట్లాడుకున్నది డీ400 గురించి. సోనీ మరుసటేడు అద్దం లేని (మిర్రర్‌లెస్) ఏ7 తెచ్చినప్పుడు అదొక ఆటబొమ్మ అన్నాం. 2018లో నికాన్ జెడ్7, కెనాన్ ఈఓఎస్ ఆర్ పక్షం రోజుల తేడాతో వచ్చాయి. 2020లో మిర్రర్‌లెస్ లెక్క డీఎస్‌ఎల్‌ఆర్‌ని దాటింది. 2021 చివర్లో 1డీ ఎక్స్ మార్క్-3యే ఆ వరసలో ఆఖరిదని కెనాన్ అధిపతి ఫుజియో మితారాయ్ ఒక జపాన్ పత్రికకి చెప్పారు. 2022 జులైలో నికాన్ ఎస్‌ఎల్‌ఆర్ల రూపకల్పనకి స్వస్తి చెబుతోందని మరో పత్రిక రాస్తే, అదంతా ఊహాగానమని కంపెనీ కొట్టిపారేసింది. డీ6 తర్వాత మాత్రం నికాన్ నుంచి కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ రాలేదు.

అయితే ఇక రాబోయేదేమిటి? కెనాన్, నికాన్‌ల మీద నేను రూపాయి కూడా కాయను. కాస్తే పెంటాక్స్ మీద కాస్తాను. వాళ్లు 2021లో కే-3 మార్క్-3 తెచ్చారు. 2023లో దాన్నే నలుపు తెలుపు ఫొటోలు మాత్రమే తీసేలా, సెన్సర్ మీది రంగుల ఫిల్టర్ తీసేసి అమ్మారు. 2024లో ఏకంగా చేత్తో రీలు తిప్పుకునే ఫిల్మ్ కెమెరా చేశారు. ఊరంతా ఒకదారైతే ఉలిపికట్టెది ఒకదారి. 1975 నాటి కే మౌంట్‌ని ఇంకా పట్టుకుని ఉన్న ఆ కంపెనీ ఇంకో డీఎస్‌ఎల్‌ఆర్ తెస్తే నేను ఆశ్చర్యపోను. కొంటానా అంటే, అది వేరే ప్రశ్న.

మా తెనాలి మిత్రుడికి ఇవేమీ పట్టవు. వాడిప్పుడు జెడ్ బాడీతో పెళ్లిళ్లు తీస్తున్నాడు. బీరువాలో సిలికా జెల్ సంచుల మధ్య పాత 80-200 ఎఫ్/2.8డీ లెన్స్ ఉంది. దాని ఫోకస్ తిప్పే మోటారు లెన్సులో ఉండదు, పాత బాడీలో ఉంటుంది. పాత లెన్సుల్ని జెడ్ బాడీకి తగిలించే నికాన్ అడాప్టర్‌లో ఆ మోటారు పెట్టలేదు. 2021లో అడాప్టర్ని మార్చి మళ్లీ తెచ్చినప్పుడు కూడా పెట్టలేదు. దాంతో ఆ లెన్స్ ఎక్కిస్తే చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే. తలంబ్రాల వేళ అది అయ్యే పని కాదు.

మొన్న మళ్లీ ఫోన్ చేశాడు.

"గురూ, మోటారున్న అడాప్టర్ వస్తోందటగా?"

"ఎవరన్నారు?"

"నువ్వే. పోయిన దసరాకి."