పాత కారు... రెండు బేరాలు!

పెబ్బేరు అంగట్లో ఎద్దును కొనే రైతు కొమ్ములకు వేసిన రంగు చూసి మోసపోడు. నోరు తెరిచి పళ్లు చూస్తాడు. నాలుగడుగులు నడిపిస్తాడు. అమ్మేవాడు ఎంత పొగిడినా వయసు పళ్లలో తెలిసిపోతుంది. మహబూబ్‌నగర్‌లోనో నల్గొండలోనో షోరూముకు పాత కారు తీసుకెళ్తే, దాన్ని చూడడానికి వచ్చే మనిషి చేసే పనీ దాదాపు అదే. బానెట్ ఎత్తుతాడు. తలుపు అంచున రబ్బరు లాగి వెల్డింగు చూస్తాడు. టైరు ఏ సంవత్సరంలో తయారైందో చదువుతాడు. ఓ కిలోమీటరు నడిపి వచ్చి ఒక అంకె చెబుతాడు.

అయితే అంగట్లో పాత ఎద్దును అమ్మి, డబ్బు నడుముకు కట్టుకున్నాకే కొత్త ఎద్దు బేరం. షోరూములో అలా కాదు. అమ్మకం, కొనుగోలు రెండూ ఒకే కాగితం మీద నడుస్తాయి. చిక్కంతా అక్కడే!

ఒక లెక్క చూద్దాం. బయట మూడు లక్షలు పలికే బండికి షోరూములో మూడు లక్షల ఇరవై వేలు ఇస్తామన్నారనుకుందాం. ఇంటిల్లిపాదికీ సంతోషమే. కానీ ఎక్స్ఛేంజ్ లేకుండా కొనేవారికి ఇచ్చే నలభై వేల తగ్గింపు ఆ బిల్లులో మాయమైతే? చేతికొచ్చింది రెండు లక్షల ఎనభై వేలే. అందుకే పాత బండి ఊసెత్తక ముందే కొత్త కారు ఆఖరి ధర ఎంతో రాయించుకోవాలి. ఎక్స్ఛేంజ్ బోనస్ ఎంతో వేరుగా అడగాలి. పాత కారు విలువ మూడో అంకె. బోనస్‌ను కూడా పాత కారు ధరలో కలిపి గొప్పగా చెప్పడం మామూలే.

అసలు మన బండి ఎంత చేస్తుంది? బీమా కాగితంలో ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది. కొత్త ధరలోంచి బండి వయసును బట్టి కోత వేసి కట్టే విలువ అది. రెండు నుంచి మూడేళ్ల బండికి 30 శాతం, నాలుగు నుంచి ఐదేళ్ల బండికి 50 శాతం తరుగు. మార్కెట్ ధర అచ్చంగా అదే కాకపోయినా బేరం మొదలు పెట్టడానికి పనికొస్తుంది. ఆపైన కనీసం మూడు చోట్ల అడగాలి. షోరూము ఒకటి, 2001లో మొదలైన మారుతి ట్రూ వ్యాల్యూ లాంటి కంపెనీ దుకాణం ఒకటి, హైదరాబాద్ వ్యాపారి ఒకరు. రెండు ఊళ్ల నుంచీ నగరం వంద కిలోమీటర్ల దూరమే కదా! ఇంకో సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్నకార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. కొత్తది చవకైతే పాతదీ దిగుతుంది. అంతకు ముందు పక్కింటివారికి వచ్చిన ధరను పట్టుకుని కూర్చుంటే లాభం లేదు.

ఈ ప్రాంతపు బండ్లకు తమవైన జబ్బులు కొన్ని ఉన్నాయి. నల్గొండ బోరు నీళ్లతో ఎండలో కడిగితే అద్దాల మీద, రంగు మీద తెల్లటి మచ్చలు పడతాయి. అవే నీళ్లు రేడియేటర్‌లో పోస్తే లోపల ఉప్పు పేరుకుంటుంది. పాలమూరు ఎర్రదుమ్ము ఎయిర్ ఫిల్టర్‌ను, ఏసీని పట్టుకుంటుంది. ఎండకు డ్యాష్‌బోర్డు వెలిసిపోతుంది. ఫిల్టర్లు మార్పించి, లోపల శుభ్రం చేయించి, వెలగని బల్బు వేయిస్తే తక్కువ ఖర్చుతో బండి కళ మారుతుంది. అమ్మే ముందు వేలు పోసి రంగు వేయించడం మాత్రం దండగ. కొత్త రంగు చూడగానే ఎక్కడో గుద్దారన్న అనుమానం వస్తుంది.

ఈ అనుమానం మీద అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో ఒక వ్యాసమే రాశారు. 2001లో నోబెల్ బహుమతి అందుకున్నారు. లోపాల బండిని అక్కడ ‘నిమ్మకాయ’ అంటారు (నకిరేకల్ నిమ్మ రైతులు నొచ్చుకోకూడదు!). లోపల ఏముందో తెలియదు కాబట్టి కొనేవాడు మంచి బండికీ తక్కువే ఇస్తానంటాడన్నది ఆయన మాట. దానికి మందు రుజువే. సర్వీసు రికార్డు, రెండో తాళంచెవి, నడుస్తున్న బీమా, కాలుష్య సర్టిఫికెట్, అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35. చలాన్లు కూడా కట్టేసి ఉండాలి. ఏపీ 22, ఏపీ 24 నంబరు చూడగానే 2014 జూన్‌కు ముందు బండి అని ఎవరైనా చెప్పేస్తారు. పదిహేనేళ్లు నిండితే రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి గనుక, ఆ గడువు ముంచుకొచ్చే దాకా ఆగడం నష్టమే.

చాలామంది మరిచేది నో క్లెయిమ్ బోనస్. అది బండిది కాదు, యజమానిది. ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతం దాకా వస్తుంది. పాత బీమా కంపెనీ నుంచి లేఖ తీసుకుంటే కొత్త కారు ప్రీమియంలో తగ్గుతుంది. మూడేళ్లలోపు వాడుకోవచ్చు.

ధర కుదిరాక ఖాళీ ఫారం 29, 30ల మీద సంతకాలు పెట్టి తాళాలు ఇచ్చేసి రావడం మన అలవాటు. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక కేసు వింటే ఆ చెయ్యి ఆగుతుంది. ఒకాయన 2007లో కారు అమ్మేశాడు. అది ఒకరి నుంచి ఒకరికి చేతులు మారింది. 2009లో ప్రమాదం చేసింది. ఆర్‌సీ మాత్రం మొదటాయన పేరు మీదే ఉంది. పరిహారం బాధ్యత ఆయనదేనని 2018 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. అందుకే అమ్మిన 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల వ్యాపారులకు రవాణా శాఖ అనుమతి పత్రం ఇచ్చే విధానం వచ్చింది. అలాంటి వ్యాపారికి బండి అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో తెలిపితే అప్పటి నుంచి బాధ్యత అతనిది. ఆ పత్రం ఉందో లేదో అడగడానికి మొహమాటం అక్కర్లేదు. అప్పగించిన తేదీ, సమయం, మీటరు అంకె రాసిన రశీదు మీద సంతకం తీసుకోవాలి. నెల తర్వాత ఆర్‌సీలో పేరు మారిందో లేదో చూసుకోవాలి.

ఫాస్టాగ్ కూడా ఆ రోజే మూయించాలి. లేదంటే బండి ఎవరిదో అయినా, పంతంగి టోల్‌గేటు దాటినప్పుడల్లా డబ్బు కట్ అయినట్టు మెసేజ్ పాత యజమాని ఫోనుకే వస్తుంటుంది.