రియాక్ట్ సరే.. డామ్ తెలుసా?

మద్దిలపాలెం బస్ కాంప్లెక్స్ దగ్గర కాసేపు నిలబడండి. చేతిలో ఫైలు పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లొస్తున్నవాళ్లు ఒకరిద్దరైనా కనిపిస్తారు. కొన్నేళ్ల కిందట వాళ్లలో నేనూ ఒకణ్ని. రెజ్యూమెలో హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్, రియాక్ట్.. అన్నీ రాసేశా. ‘హెచ్‌టీఎంఎల్ ఫైలుకీ, డామ్‌కీ తేడా ఏంటి?’ అని అడిగారు. ‘రెండూ ఒకటే సార్’ అన్నా. ఆ తర్వాత ఇంకేం అడగలేదు! మీకా అనుభవం ఎదురుకాకూడదనే ఇదంతా.

ఫైలు వేరు.. చెట్టు వేరు

డామ్ అంటే డాక్యుమెంట్ ఆబ్జెక్ట్ మోడల్. సర్వర్ పంపే హెచ్‌టీఎంఎల్ వట్టి అక్షరాల వరస. బ్రౌజర్ దాన్ని చదువుతూ మెమరీలో ఒక చెట్టు కడుతుంది. అన్నిటికన్నా పైన డాక్యుమెంట్, దాని కింద హెచ్‌టీఎంఎల్, దానికి హెడ్, బాడీ అని ఇద్దరు పిల్లలు.. ఇలా వంశవృక్షంలా సాగుతుంది. ట్యాగులే కాదు, వాటి మధ్య రాతలూ, కామెంట్లూ కూడా ఇందులో నోడ్లే.

కాంప్లెక్సులో గోడమీది టైంటేబుల్ హెచ్‌టీఎంఎల్ అనుకోండి. ఈ క్షణంలో ప్లాట్‌ఫారాల మీద నిజంగా ఉన్న బస్సులు డామ్. ఒక బస్సు ఆగిపోయినా, అదనంగా ఇంకోటి వచ్చినా గోడమీది రాత మారదు. జావాస్క్రిప్ట్ మార్చేది బస్సులనే, బోర్డును కాదు. అందుకే ‘వ్యూ పేజ్ సోర్స్’లో కనిపించనివి కూడా ఎఫ్12 నొక్కి ‘ఎలిమెంట్స్’ ట్యాబ్‌లో చూస్తే కనిపిస్తాయి.

ఇంకో మాట.. డామ్ జావాస్క్రిప్ట్ భాషలో భాగం కాదు, బ్రౌజర్ ఇచ్చే సౌకర్యం. నోడ్ జేఎస్‌లో ‘డాక్యుమెంట్’ అని కొడితే ఎర్రర్ వచ్చేది అందుకే. 1990ల్లో నెట్‌స్కేప్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లు ఎవరి పద్ధతి వాళ్లవి పెట్టుకోవడంతో డెవలపర్లు ఒకే పనికి రెండు రకాల కోడ్ రాయాల్సి వచ్చేది. 1998 అక్టోబరులో డబ్ల్యూ3సీ సంస్థ డామ్ లెవెల్ 1 ప్రమాణాన్ని ఖరారు చేసింది. ఇప్పుడు ఈ ప్రమాణాన్ని వాట్‌డబ్ల్యూజీ నిర్వహిస్తోంది.

చేసి చూడండి

డబ్బు కట్టి కోర్సులో చేరక్కర్లేదు. నోట్‌ప్యాడ్, క్రోమ్ చాలు. శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి బస్సులతో ఒక జాబితా పేజీ తయారుచేయండి. కొత్త ఊరు టైప్ చేసి బటన్ నొక్కితే జాబితాలో చేరాలి. పక్కనున్న ‘తీసెయ్’ నొక్కితే పోవాలి. దీనికి కావాల్సినవి అయిదారే: వెతకడానికి క్వెరీసెలెక్టర్, కొత్తది పుట్టించడానికి క్రియేట్‌ఎలిమెంట్, అందులో రాయడానికి టెక్స్ట్‌కంటెంట్, చెట్టుకు తగిలించడానికి అపెండ్, క్లిక్ వినడానికి యాడ్‌ఈవెంట్‌లిజనర్, తీసేయడానికి రిమూవ్.

ఈ మూడు చోట్ల జాగ్రత్త

నల్ ఎర్రర్: స్క్రిప్ట్‌ను హెడ్‌లో ఊరికే పెట్టేస్తే, బటన్ చెట్టులోకి రాకముందే కోడ్ నడిచి ‘నల్’ అంటుంది. కోడ్‌ను వేరే ఫైలులో ఉంచి, స్క్రిప్ట్ ట్యాగ్‌కు ‘డిఫర్’ జోడించండి.

ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్: యూజర్ టైప్ చేసింది దీంతో పేజీలో పెడితే, ఎవరైనా ఊరి పేరు బదులు హానికరమైన కోడ్ పంపొచ్చు. మామూలు రాతకు టెక్స్ట్‌కంటెంటే వాడండి.

కొత్త బటన్ పనిచేయకపోవడం: లిజనర్‌ను అప్పటికి ఉన్న బటన్లకే తగిలిస్తే, తర్వాత చేరినవాటికి అది ఉండదు. క్లిక్ పిల్ల నుంచి పేరెంట్ వైపు పైకి పాకుతుంది. దీన్నే బబ్లింగ్ అంటారు. కాబట్టి మొత్తం జాబితాకు ఒకే లిజనర్ పెట్టి, నొక్కింది ఏదో ఈవెంట్ టార్గెట్‌తో కనుక్కోండి. ఇది ఈవెంట్ డెలిగేషన్. ఇంటర్వ్యూల్లో తరచూ అడిగేదే.

మరి రియాక్ట్ ఎందుకంటారా? నేర్చుకోండి, తప్పకుండా! కానీ వెబ్ పేజీలో అదీ చివరికి మార్చేది డామ్‌నే. అది చేసే ప్యాకేజీ పేరే రియాక్ట్-డామ్. కింద ఏం జరుగుతోందో తెలిస్తే తప్పు ఎక్కడుందో పట్టుకోగలరు.

మీ పేజీ పూర్తయ్యాక ఒక కొత్త ఊరు చేర్చి, రీఫ్రెష్ కొట్టండి. అది మాయమైపోతుంది. ఎందుకు? ఫైలు మారలేదు, చెట్టు మళ్లీ మొదటి నుంచి కట్టారు కాబట్టి. ఈ సంగతి ఫ్రెండ్‌కి మీ మాటల్లో చెప్పి చూడండి. చెప్పగలిగారా.. ఆ రోజు నాకు రాని జవాబు మీకు వచ్చేసినట్టే!