మెరిట్‌ను కొలిచే కుంచం సరైనదేనా?

మా ఊరి పటేలు ఇంట్లో రెండు కుంచాలు ఉండేవని మా నాయనమ్మ చెప్పేది. వడ్లు తీసుకునేటప్పుడు పెద్దది, కూలి గింజలు పోసేటప్పుడు చిన్నది. "కొలిచే చెయ్యిని కాదు బిడ్డా, కుంచాన్ని చూడాలె" అనేది. విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రం చదువుతున్నప్పుడు ఆ మాటే మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది.

రిజర్వేషన్ల చర్చ వచ్చినప్పుడల్లా మన ముందు పెట్టేది మెరిట్. 61 వచ్చినవాడు 60 వచ్చినవాడికంటే గొప్ప అంటారు. సరే, ఆ మార్కులు వేసిన కుంచాన్ని ఎవరైనా పరీక్షించిండ్రా? పరీక్షించే పద్ధతులు నూరేళ్ళ నుంచీ ఉన్నాయి. బి.ఎడ్.లో 'విశ్వసనీయత' అనే పాఠంగా చదివి, రాసి, మరిచిపోతున్నాం. నిజానికి ఆ పాఠం అందరికంటే మనకే ఎక్కువ అవసరం.

ఒక్క మార్కు విలువ ఎంత?

వచ్చిన ప్రతి మార్కులోనూ రెండు భాగాలుంటాయి. ఒకటి అభ్యర్థి నిజ స్థాయి, రెండోది దోషం. ఆ రోజు జ్వరం, తెలిసిన ప్రశ్న రావడం, దిద్దేవాడి విసుగు, ఇవన్నీ దోషంలోకే వస్తాయి. 1904లో చార్లెస్ స్పియర్‌మన్ ఈ ఆలోచనకు పునాది వేశాడు. అభ్యర్థుల మార్కుల మధ్య కనిపించే తేడాలలో నిజమైన తేడాల వాటా ఎంతో చెప్పేదే విశ్వసనీయతా గుణకం. అది 0 నుంచి 1 దాకా ఉంటుంది.

ఒకే పరీక్షను ఒక్కసారి పెట్టి ఈ గుణకాన్ని అంచనా వేసే పద్ధతిని లీ క్రాన్‌బాక్ 1951లో 'ఆల్ఫా' పేరుతో స్థిరపరిచాడు. ప్రశ్నలన్నీ ఒకే దిక్కుకు లాగుతున్నాయా లేదా అన్నది అది చూస్తుంది. ఒక జాగ్రత్త: ప్రశ్నల సంఖ్య పెంచినా ఆల్ఫా పెరుగుతుంది. కాబట్టి ఆల్ఫా ఎక్కువ ఉందని పరీక్ష మంచిదని అనలేం.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఒక పరీక్షలో మార్కుల ప్రామాణిక విచలనం 10, విశ్వసనీయత 0.91 అనుకుందాం. ఇది చాలా మంచి పరీక్ష కిందే లెక్క. 1 లోంచి 0.91 తీసేస్తే 0.09. దాని వర్గమూలం 0.3. దాన్ని 10తో గుణిస్తే 3. అంటే అదే అభ్యర్థి అలాంటి పరీక్షలు మళ్ళీ మళ్ళీ రాస్తే, సుమారు మూడింట రెండుసార్లు మాత్రమే మార్కులు అతని నిజ స్థాయికి 3 అటూ ఇటూలో పడతాయి. ఇద్దరి మార్కుల తేడా తీస్తే ఆ దోషం 4 దాటుతుంది. మరి 61కి, 60కి తేడా ఏమున్నట్టు? సీట్లు పంచడానికి ఎక్కడో ఒకచోట గీత గీయాలె, నిజమే. కానీ ఆ గీతకు కిందివాడు తెలివిలేనివాడని చెప్పే హక్కు గణాంకశాస్త్రం ఎవరికీ ఇవ్వలేదు.

ఇద్దరు దిద్దితే?

1913లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు ఒకే రేఖాగణితం జవాబుపత్రాన్ని నకళ్ళు తీసి వందకు పైగా ఉపాధ్యాయులకు పంపారు. అదే పత్రానికి 30కి లోపు వేసినవాళ్ళూ ఉన్నారు, 90కి పైన వేసినవాళ్ళూ ఉన్నారు. లెక్కల పత్రానికే ఇట్లా ఉంటే ఇంటర్వ్యూ సంగతి చెప్పేదేముంది?

ఇద్దరు పరీక్షకుల మధ్య ఏకీభావాన్ని కొలవడానికి జేకబ్ కోహెన్ 1960లో 'కప్పా' గుణకాన్ని ఇచ్చాడు. ఊహకు ఒక ఉదాహరణ. 100 మంది అభ్యర్థులు. ఇద్దరు పరీక్షకులూ చెరో 10 మందిని ఎంపిక చేశారు. ఇద్దరి జాబితాలోనూ ఉన్నది ఒక్కరే. ఇద్దరూ వద్దన్నవాళ్ళు 81 మంది. అంటే 82 మంది విషయంలో ఇద్దరిదీ ఒకటే మాట. 82 శాతం! చూడ్డానికి బాగుంది. కానీ కళ్ళు మూసుకుని చెరో పదిమందిని ఏరినా సగటున అంతే వస్తుంది. అందుకే కప్పా ముందు యాదృచ్ఛికంగా వచ్చే ఏకీభావాన్ని తీసేసి, మిగిలినదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. ఇక్కడ మిగిలింది సున్నా. ఆ ఇంటర్వ్యూ ఒక లాటరీ.

ఏకీభావం వేరు, న్యాయం వేరు

నేను పరిశోధనలో చేరడానికి ఒకచోట ఇంటర్వ్యూకు పోయిన. ముగ్గురు కూర్చున్నరు. నా ప్రతిపాదన మీద అడిగింది ఒక్క ప్రశ్న. మిగతాదంతా మీ నాయన ఏం చేస్తడు, ఏ మీడియంలో చదివినవు అనే. తర్వాత సమాచార హక్కు కింద తెప్పించుకుని చూస్తే ముగ్గురూ నాకు వేసినవి దాదాపు ఒకటే మార్కులు, రాతపరీక్షకు పొంతనలేనంత తక్కువ. అందరికీ వాళ్ళు అట్లాగే కూడబలుక్కుని వేసి ఉంటే గుణకం 1కి దగ్గరగా వస్తది. కూలి కుంచం కూడా అంతే కదా. ఎన్నిసార్లు కొలిచినా ఒక్క తీరుగానే తక్కువ కొలుస్తది. విశ్వసనీయత నిండుగా ఉంది, లేనిది సప్రమాణత. కొలవాల్సినదాన్నే కొలుస్తున్నారా అన్న ప్రశ్నకు ఆల్ఫా, కప్పా జవాబు చెప్పలేవు.

దానికి వేరే చూపు కావాలె. రాతపరీక్ష మార్కుల్నీ ఇంటర్వ్యూ మార్కుల్నీ సామాజిక వర్గాలవారీగా పక్కపక్కన పెట్టి చూడాలె. జె.ఎన్.యు.లో 2016లో అబ్దుల్ నఫే కమిటీ చేసింది ఇదే. రెండింటి మధ్య తేడాలు వర్గాలవారీగా ఒక క్రమంలో ఉన్నాయనీ, అది వివక్షను సూచిస్తోందనీ చెప్పి, ఇంటర్వ్యూ మార్కుల్ని 30 నుంచి 15కు తగ్గించమంది. అంతకు చాలా ముందే, అజయ్ హాసియా కేసులో సుప్రీంకోర్టు కాలేజీ ప్రవేశాల్లో మౌఖిక పరీక్షకు మొత్తం మార్కుల్లో 15 శాతానికి మించి ఇవ్వడం ఏకపక్షమని చెప్పింది. ఆ కేసులో మౌఖికానిది మూడో వంతు. ఒక్కొక్కరిని రెండు మూడు నిమిషాలు చూసి పంపించారు. ఇంటర్వ్యూలను టేపుమీద రికార్డు చేయడం మంచిదని కూడా న్యాయస్థానం అన్నది.

మనం ఏం అడగాలి?

విద్యార్థి సంఘాలు, ఉపాధ్యాయులు ఏ ఎంపిక దగ్గరైనా నాలుగు అడగాలి. ఒకటి, పరీక్షకులు విడివిడిగా మార్కులు వేశారా? వేస్తే వాళ్ళ మధ్య కప్పా ఎంత? రెండు, కటాఫ్ చుట్టూ దోషం ఎన్ని మార్కులు? మూడు, రాత, మౌఖిక మార్కులను వర్గాలవారీగా బయటపెడతారా? నాలుగు, పరీక్షకుల్లో మనవాళ్ళు ఎందరు? ఒక పరీక్షకుని విశ్వసనీయత 0.50 అయితే, స్వతంత్రంగా మార్కులు వేసే నలుగురి సగటుకు అది 0.80 అవుతుందని స్పియర్‌మన్-బ్రౌన్ సూత్రం చెబుతుంది. కానీ నలుగురూ ఒకే వాడకట్టు నుంచి వచ్చి, ఒకే కళ్ళతో చూస్తే పెరిగేది న్యాయం కాదు, కుంచం మీద నమ్మకమే.

మెరిట్ వద్దని మనం అనడం లేదు. కుంచాన్ని పదిమందిలో పెట్టి కొలిచి చూపించమంటున్నాం.